ఇంటికి సన్నబియ్యం వస్తోంది.. మరి పప్పు, కూర, గుడ్డు? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణవాసులు తెలుసుకోవాల్సినవి

నలుగురున్న కుటుంబానికి రేషన్ దుకాణంలో నెలకు 24 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తోంది. అన్నానికి ఢోకా లేదు. కానీ కంచంలో అన్నం పక్కన ఏముందన్నదే అసలు ప్రశ్న. పచ్చి పులుసు, పచ్చడితో పూట గడిచిపోతే కడుపు నిండుతుంది కానీ ఒంట్లో రక్తం పెరగదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో అది 70 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. వీళ్లంతా తిండి దొరకనివాళ్లు కాదు. చాలామంది అన్నం ఉండి, మిగతాది లేనివాళ్లు.

ఆ మిగతాది ఎక్కడ దొరుకుతుంది? ప్రభుత్వం నుంచి మీకు రావాల్సింది ఎంత? రాకపోతే ఎవరిని అడగాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఒక మనిషికి ఎంత కావాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2,000 కిలో క్యాలరీలు అవసరమయ్యే మనిషి కంచం ఇలా ఉండాలని అందులో చెప్పింది.

• బియ్యం, జొన్న, గోధుమ వంటి ధాన్యాలు: 250 గ్రాములు
• కూరగాయలు, ఆకుకూరలు: 400 గ్రాములు
• పండ్లు: 100 గ్రాములు
• పప్పులు, గుడ్లు, మాంసాహారం కలిపి: 85 గ్రాములు
• పాలు లేదా పెరుగు: 300 మిల్లీలీటర్లు
• పల్లీలు, నువ్వుల వంటివి: 35 గ్రాములు
• నూనె: 27 గ్రాములు

చిన్నపిల్లలకు ఇంతకన్నా తక్కువ, కాయకష్టం చేసేవాళ్లకు ఎక్కువ కావాలి. లెక్క కోసం నలుగురు పెద్దవాళ్లున్న ఇల్లు అనుకుందాం. నెలకు ధాన్యం 30 కిలోలు కావాలి. రేషన్‌లో 24 కిలోలు వస్తోంది కాబట్టి ఐదింట నాలుగు వంతులు తీరినట్టే. కానీ అదే ఇంటికి కూరగాయలు 48 కిలోలు, పప్పులు-గుడ్లు-మాంసం కలిపి 10 కిలోలకు పైగా, పాలు 36 లీటర్లు కావాలి. మామూలు రేషన్ కార్డు మీద ఇవేవీ రావు. అన్నీ జేబులోంచే కొనాలి.

ఈ మూడు పట్టణాల సంగతేంటి?

2016 అక్టోబర్ 11న జిల్లాలను పునర్విభజించినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, తర్వాత ప్రభుత్వ మెడికల్ కాలేజీలూ వచ్చాయి. పట్టణాల చుట్టూ కొత్త కాలనీలు, అద్దె ఇళ్లు పెరిగాయి.

మూడూ పంట పొలాల నడుమ ఉన్న ఊళ్లే. అయితే చుట్టూ ఎక్కువగా కనిపించేది వరి, పత్తి. మహబూబాబాద్ వైపు వీటికి మిర్చి తోడవుతుంది. ఇవి మార్కెట్ యార్డుకు పోయే పంటలు, ఇంటి కూరకు వచ్చేవి కావు. టమాట, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ లాంటివి చాలావరకు బయటి నుంచి లారీల్లో, ఆటోల్లో రావాల్సిందే. వానకాలంలో సరుకు తగ్గితే ధర వెంటనే పెరుగుతుంది.

జనగామ హైదరాబాద్-వరంగల్ జాతీయ రహదారి మీద, రైలు మార్గం మీద ఉంది. మహబూబాబాద్ కాజీపేట-విజయవాడ రైలు మార్గంలో ఉంది. భూపాలపల్లికి రైలు లేదు, సరుకంతా రోడ్డు మీదే రావాలి. అక్కడ సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. పర్మనెంట్ ఉద్యోగికీ, కాంట్రాక్టు కూలీకీ జీతంలో తేడా ఉంది కానీ ఇద్దరూ కొనేది ఒకే మార్కెట్‌లో. కూలి డబ్బుతో బతికే ఇంట్లో ధర పెరిగినప్పుడు ముందు తగ్గేది బియ్యం కాదు. పప్పు, పాలు, పండ్లు.

రేషన్ కార్డు: ఎవరికి, ఎంత?

2013 జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల ధాన్యం వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం దానికి మరో కిలో కలిపి 6 కిలోలు ఇస్తోంది. అంత్యోదయ కార్డు ఉంటే ఇంట్లో ఎంతమంది ఉన్నా కుటుంబానికి 35 కిలోలు. 2025 ఏప్రిల్ నుంచి దొడ్డు బియ్యం బదులు సన్నబియ్యం ఇస్తున్నారు.

ఆహార భద్రత కార్డుకు పట్టణాల్లో కుటుంబ వార్షిక ఆదాయం 2 లక్షల రూపాయలు మించకూడదు. గ్రామాల్లో ఆ పరిమితి 1.5 లక్షలు. భూమి ఉంటే తరి 3.5 ఎకరాలు, మెట్ట 7.5 ఎకరాలు దాటకూడదు. కొత్త కార్డుకైనా, పెళ్లయి వచ్చిన కోడలి పేరు లేదా పుట్టిన బిడ్డ పేరు చేర్చాలన్నా మీసేవలో దరఖాస్తు చేయాలి. పేరు చేరని ప్రతి మనిషికీ నెలకు 6 కిలోలు నష్టపోతున్నట్టే. రసీదు నంబరు దాచుకోండి, తర్వాత ఎక్కడ అడగాలన్నా అదే ఆధారం.

కార్డు ఊళ్లో ఉంది, మేం పట్టణంలో ఉంటున్నాం. ఎలా?

ఊరికి పోనక్కర్లేదు. తెలంగాణలో కార్డు ఉన్నవాళ్లు రాష్ట్రంలో ఏ రేషన్ దుకాణంలోనైనా బియ్యం తీసుకోవచ్చు. తండా నుంచి పని కోసం మహబూబాబాద్ వచ్చినా, పల్లె నుంచి జనగామ వచ్చినా మీరు ఉంటున్న వీధిలోని డీలర్ దగ్గరే తీసుకోండి. ‘మీ కార్డు ఇక్కడిది కాదు’ అని పంపించడం కుదరదు.

వేరే రాష్ట్రం కార్డుకూ ఈ వీలుంది. ‘వన్ నేషన్ వన్ రేషన్ కార్డ్’ను 2019 ఆగస్టు 9న తొలిగా ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్, ఒడిశా నుంచి వచ్చి ఇటుక బట్టీల్లో, కట్టడాల దగ్గర పనిచేసేవాళ్లు తమ రాష్ట్రం కార్డు మీద ఇక్కడ జాతీయ చట్టం ప్రకారం రావాల్సిన ధాన్యం తీసుకోవచ్చు.

వేలిముద్ర పడకపోతే? సుతారి పని చేసి వేళ్లు అరిగిపోయినవాళ్లకు, ముసలివాళ్లకు ఇది మామూలు ఇబ్బంది. ఐరిస్ (కంటిపాప) లేదా ఫోన్‌కు వచ్చే ఓటీపీతో ఇవ్వమని డీలర్‌ను అడగండి. ఆధార్ లేదనో, వేలిముద్ర పడలేదనో అర్హుడికి రేషన్ ఆపొద్దని కేంద్రం 2017 అక్టోబర్ 24న రాష్ట్రాలకు లిఖితపూర్వకంగా చెప్పింది.

రేషన్‌లో పప్పు, నూనె ఎందుకు రావడం లేదు?

మన దగ్గర రేషన్ అంటే మొదటి నుంచీ బియ్యమే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం తెచ్చింది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ‘అమ్మహస్తం’ పేరుతో కందిపప్పు, పామాయిల్, గోధుమపిండి, చింతపండు సహా 9 సరుకులు 185 రూపాయలకు ఇచ్చారు. అది నిలబడలేదు. తెలంగాణ వచ్చాక 2015 జనవరి నుంచి మనిషికి 4 కిలోలున్న కోటా 6 కిలోలైంది, కుటుంబానికి 20 కిలోలే అన్న పరిమితి పోయింది. అప్పుడూ పెరిగింది బియ్యమే.

రేషన్‌లో ఇచ్చే సరుకుల రకాలను కాలక్రమంలో పెంచాలని ఆహార భద్రత చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. కాబట్టి పప్పు, నూనె అడగడం గొంతెమ్మ కోరిక కాదు, చట్టంలో రాసుకున్న మాటే.

సన్నబియ్యంతో మిగిలే డబ్బు ఎంత?

దొడ్డు బియ్యం ఇచ్చిన రోజుల్లో చాలా ఇళ్లలో వాటిని తక్కువ ధరకు అమ్మేసి, తినడానికి సన్నబియ్యం కొనేవాళ్లు. ఇప్పుడు రేషన్ బియ్యమే వండుకోవచ్చు. మీరు బయట కిలో 50 రూపాయలకు కొనేవాళ్లనుకుంటే, 24 కిలోలకు నెలకు 1,200 రూపాయలు మిగులుతుంది.

కందిపప్పు కిలో 120, గుడ్డు 7 రూపాయలు అనుకుని లెక్క వేయండి. 4 కిలోల పప్పుకు 480, 60 గుడ్లకు 420 పోగా ఇంకా 300 మిగులుతుంది. అది నెలంతా రోజుకు పది రూపాయల ఆకుకూరకు సరిపోతుంది. మీ ఊరి ధరలు వేరుగా ఉండొచ్చు, లెక్క తీరు మాత్రం ఇదే. ఆ మిగులు రీచార్జికో, చిట్టీకో కలిసిపోకముందే నెల మొదట్లో పప్పు, గుడ్లకు తీసి పక్కన పెట్టుకుంటే సన్నబియ్యం పథకం మీ కంచం దాకా వచ్చినట్టు.

అంగన్‌వాడీలో ఏం ఇవ్వాలి?

గుడ్డు, పాలు, పప్పు ప్రభుత్వం నేరుగా ఇచ్చే చోటు ఇదే. పట్టణాల్లో చాలామంది పట్టించుకోనిదీ ఇదే. అంగన్‌వాడీకి రేషన్ కార్డు అవసరం లేదు. అద్దె ఇంట్లో ఉన్నా, వేరే ఊరి నుంచి వచ్చినా మీరు ఉంటున్న చోటి కేంద్రంలో పేరు రాయించుకోవచ్చు.

• గర్భిణులు, బాలింతలు: 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద కేంద్రంలో ఒక పూట పూర్తి భోజనం. అన్నం, ఆకుకూర పప్పు లేదా సాంబారు, కూర, రోజూ ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ప్రసవం తర్వాత ఆరు నెలల వరకు ఇది వర్తిస్తుంది.
• ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలు: నెలకు 2.5 కిలోల బాలామృతం, 16 గుడ్లు.
• మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు: కేంద్రంలో వేడి భోజనం, గుడ్డు, చిరుతిండి, ఆటపాటలతో పూర్వ ప్రాథమిక విద్య.

బాలామృతం ఆ బిడ్డ కోసమే. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెతో చేసిన పిండి అది. ఇంటిల్లిపాదీ తలా కొంచెం తింటే బిడ్డకు అందాల్సింది అందదు. బిడ్డ బరువు, ఎత్తు క్రమం తప్పకుండా చూడటం కూడా అంగన్‌వాడీ టీచర్ పనే. బరువు బాగా తక్కువుంటే బాలామృతం ప్లస్ గురించి, ఆసుపత్రికి పంపడం గురించి అడగండి.

కూలికి పోయే గర్భిణి మధ్యాహ్నం కేంద్రానికి ఎలా వస్తుందన్నది నిజమైన చిక్కు. భోజనం అక్కడే తినాలన్నది పథకం నియమం. గుడ్డు, పాలు ఇంట్లో అందరికీ పంచకుండా ఆమెకే అందాలని ఆ ఏర్పాటు. రోజూ రాలేకపోతే టీచర్‌తో మాట్లాడి పేరు మాత్రం తీసేయకుండా చూసుకోండి. పని లేని రోజైనా వెళ్లండి. పనికి దగ్గరగా వేరే కేంద్రం ఉంటే అక్కడికి మార్చమని సూపర్‌వైజర్‌ను అడగండి.

ఇంటికి ఇచ్చే సరుకులకు 2025 జులై నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖ గుర్తింపు పెట్టారు. ఫోన్ నంబరు, ఆధార్ వివరాలు సరిగా ఉన్నాయో లేదో ముందే టీచర్ దగ్గర చూసుకోండి.

మా కాలనీలో అంగన్‌వాడీ లేదు. ఏం చేయాలి?

కొత్తగా వెలిసిన కాలనీల్లో, గుడిసెల్లో ఈ సమస్య ఉంటుంది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఒక ఆదేశం ఇచ్చింది. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని గ్రామీణ ప్రాంతం వాళ్లు గానీ, మురికివాడ వాళ్లు గానీ అడిగితే మూడు నెలల్లోపు కేంద్రం పెట్టాలన్నది ఆ ఆదేశం.

మీరు చేయాల్సింది ఇది. వీధి వీధి తిరిగి ఆరేళ్లలోపు పిల్లల పేర్లు, వయసు, ఇంటి నంబరు ఒక కాగితం మీద రాయండి. తల్లుల సంతకాలు పెట్టించండి. సీడీపీవోకు ఒకటి, జిల్లా సంక్షేమ అధికారికి ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ పనిలో వార్డు కౌన్సిలర్‌ను, మెప్మా ఆర్పీ అక్కను కలుపుకొంటే జాబితా త్వరగా తయారవుతుంది.

బడిలో మధ్యాహ్న భోజనం

ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం ఉచితం. కేంద్ర నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. 6 నుంచి 8వ తరగతి వరకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. తెలంగాణలో వారానికి మూడు గుడ్లు, సన్నబియ్యం అన్నం అదనం. 9, 10 తరగతులకూ భోజనం ఉంది.

బడి గోడ మీద మెనూ రాసి ఉండాలి. గుడ్డు ఏ రోజుల్లో వచ్చిందో సాయంత్రం పిల్లలను అడగండి. వంట ఏజెన్సీకి బిల్లులు ఆలస్యమైతే మొదట మాయమయ్యేది గుడ్డే. అలాంటప్పుడు వంట చేసే మహిళల మీద కోపం తెచ్చుకోకుండా, బిల్లు ఎక్కడ ఆగిందో అడగడం తల్లిదండ్రుల కమిటీ చేయాల్సిన పని.

ప్రైవేటు బడికి పంపే ఇంటికి ఈ భోజనం అందదు. ఫీజు లెక్క వేసుకునేటప్పుడు రోజూ ఒక పూట భోజనం, వారానికి మూడు గుడ్లు కూడా కలిపి చూడండి.

కూరగాయలు: రైతు బజార్, అంగడి, తోపుడు బండి

కూరగాయలు ఇచ్చే పథకం పెద్దవాళ్లకు ఏదీ లేదు. ఇక్కడ ప్రభుత్వం చేయాల్సింది మార్కెట్ చోటు చూపించడం. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. గుర్తింపు కార్డున్న రైతు దళారీ లేకుండా అమ్ముకోవాలి, ధర హోల్‌సేల్ కన్నా ఎక్కువగా, బయటి రిటైల్ కన్నా తక్కువగా ఉండాలి, ఆ రోజు ధరలు బోర్డు మీద రాయాలి. ఇవి వాటి నియమాలు. బోర్డు లేకపోతే, ధర అంతకన్నా ఎక్కువ చెప్తే అక్కడి ఎస్టేట్ ఆఫీసర్‌ను అడగవచ్చు.

2020 తర్వాత మున్సిపాలిటీల్లో సమీకృత వెజ్, నాన్‌వెజ్ మార్కెట్లు కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. మీ పట్టణంలో అలాంటిది కట్టి వాడకుండా వదిలేస్తే, ఎప్పుడు తెరుస్తారో, దుకాణాలు ఎవరికి ఇస్తారో సమాచార హక్కు దరఖాస్తుతో తెలుసుకోవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

బస్టాండ్ దాకా నడవలేని ముసలమ్మకు, పసిబిడ్డ ఉన్న తల్లికి మాత్రం వీధిలోకి వచ్చే తోపుడు బండే మార్కెట్. ఆ బండిని తీసేస్తే ఆ వీధికి కూరగాయలు దూరమైనట్టే. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. వేరే చోటికి మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. మున్సిపల్ కమిషనర్ అధ్యక్షుడిగా ఉండే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది విక్రయదారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. మీ ఇంటి ముందుకు వచ్చే కూరగాయల అమ్మకు ఈ సంగతి చెప్పండి. ఆమెకు పెట్టుబడి కావాలంటే పీఎం స్వనిధి కింద మొదటిసారి 15 వేలు, సకాలంలో కడితే 25 వేలు, తర్వాత 50 వేల రూపాయల రుణం వస్తుంది. మున్సిపాలిటీలోని మెప్మా విభాగంలో అడగాలి.

తక్కువ ఖర్చులో ఏం పెట్టొచ్చు?

ఆపిల్, ఓట్స్ కొనాల్సిన పని లేదు. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు ఈ మూడు ఊళ్లలోనూ దొరుకుతాయి. పెసర్లు, బొబ్బర్లు, ఉలవలు కందిపప్పుకు మంచి తోడు. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అదే అన్నంతో పాటు చాయ్ తాగితే తక్కువ పడుతుంది, గంట ఆగి తాగండి. పండు అంటే జామకాయ, అరటి, సీతాఫలం, రేగుపండ్లు కూడా. కాలంలో దొరికేదే చవక.

రాకపోతే ఎవరికి చెప్పాలి?

రేషన్‌కు టోల్‌ఫ్రీ నంబరు 1967. అక్కడ తేలకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వండి. ఆహార భద్రత చట్టం కింద ప్రతి జిల్లాకూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. తెలంగాణలో ఆ బాధ్యత అదనపు కలెక్టర్‌ది. రేషన్, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజనం మూడూ ఈ చట్టం కిందివే, కాబట్టి మూడింటికీ ఆయన దగ్గరకే వెళ్లొచ్చు. దరఖాస్తులో ‘జాతీయ ఆహార భద్రత చట్టం, 2013 కింద ఫిర్యాదు’ అని మొదటి వరుసలోనే రాయండి.

అక్కడి తీర్పు నచ్చకపోతే హైదరాబాద్‌లోని రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. జిల్లా అధికారి చెప్పిన పరిష్కారాన్ని సరైన కారణం లేకుండా అమలు చేయని ఉద్యోగికి కమిషన్ 5 వేల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. రావాల్సిన ధాన్యం లేదా భోజనం ఇవ్వకపోతే ఆహార భద్రత భత్యం చెల్లించాలని కూడా చట్టంలో ఉంది.

ఈ వారం మీరు చేయగలిగినవి

• రేషన్ కార్డులో ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయో లేదో చూడండి.
• ఆరేళ్లలోపు బిడ్డ గానీ, గర్భిణి గానీ ఇంట్లో ఉంటే దగ్గరి అంగన్‌వాడీలో పేరు రాయించండి.
• బడి మెనూను ఫొటో తీసి పెట్టుకోండి, గుడ్డు రోజులు లెక్కపెట్టండి.
• బియ్యం మీద మిగిలిన డబ్బుతో ముందు పప్పు, గుడ్లు కొనండి.
• ఫిర్యాదు ఏదైనా కాగితం మీదే ఇచ్చి, రసీదు అడగండి. నోటిమాటకు జవాబుదారీ ఎవరూ ఉండరు.